సగం ఉప్పు

నేపర్‌విల్‌లో మా ఇంటికి దగ్గర్లోనే పాతకాలపు పల్లె ఒకదాన్ని మ్యూజియంగా ఉంచారు. రెండేళ్ల కిందట, మే నెలలో, నేనూ మా ఆవిడా చూడ్డానికి వెళ్లాం. అక్కడ ఓ ఇంటి నేలమాళిగలో గైడ్ ఒక చెక్క పీపా మూత తీసి చూపించింది. ఈ దేశానికి మొదట వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెల్లవాళ్లు పంది మాంసాన్ని పొరపొరకీ ఉప్పు దట్టించి అందులో దాచుకునేవాళ్లట. ఉప్పు దగ్గర పిసినారితనం చేసిన ఇంట్లో చలికాలం మధ్యలోనే మాంసం కుళ్లేదట. ఆ పైన ఆకలేనట.

మా ఆవిడ మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"విన్నారా? ఇంగ్లీష్‌లో చెప్పింది, ఇప్పుడైనా నమ్ముతారా?"

నమ్మలేదు. ముందురోజే ఇండియన్ స్టోర్ నుంచి ఆవకాయకి మామిడికాయలు తెచ్చుకున్నాం. నాకు బీపీ. ఉప్పు సగానికి సగం తగ్గించమని అప్పట్నుంచీ గొడవ; ఇంటికొచ్చి ఆవకాయ కలిపేటప్పుడూ పట్టుబట్టాను.

"తగ్గిస్తే నిలవుండదండీ."

"ఫ్రిజ్ ఉన్నది దేనికి? మనమేమైనా ఆ పీపాల కాలంలో ఉన్నామా?"

ఆవిడ విసురుగా సగం ఉప్పు మళ్లీ డబ్బాలో పోసేసింది. "అయితే ఇది ఊరగాయ కాదు, కూర. ఫ్రిజ్‌లోంచి బయట పెట్టారో, నాకు సంబంధం లేదు."

జనవరిలో, నేను పైన ఆఫీస్ కాల్‌లో ఉండగా, కింద వంటింట్లో ఆవిడ గుండె ఆగిపోయింది. బీపీ నాది, పోయింది ఆవిడ.

ఆవకాయ సగం జాడీ మిగిలింది. ఆవిడ చేత్తో చేసినవాటిలో మిగిలింది అదొక్కటే. నేను చెంచా పెట్టలేదు. రోజూ ఫ్రిజ్ తెరిచి చూసి, మూసేసేవాణ్ణి.

జూన్‌లో గాలివానకి ఐదు రోజులు కరెంట్ పోయింది. ఐస్ కోసం తిరగని స్టోర్ లేదు, ఎక్కడా దొరకలేదు. మూడో రోజు ఆ పీపా గుర్తొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గుప్పెళ్లతో ఉప్పు వేసి జాడీ అంతా కలిపాను. ఆ కంగారులో చెంచాకి తడి ఉందని చూసుకోలేదు. ఆవిడే ఉంటే ఇల్లెగిరిపోయేలా అరిచేది.

ఐదో రోజు మూత తీస్తే ముక్కల మీద తెల్లగా బూజు. పైదంతా తీసేసి అడుగున ఒక్క ముక్కయినా మిగిలిందేమో అని వెతికాను. అక్కడా అదే వాసన. సగం చాలన్న నా నోటిని చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. చెత్తబుట్టలో నేనే పడేశాను.

పోయిన వారం డాక్టర్ నా బీపీ చూసి, చాలా బాగుందన్నాడు. ఇంటికొచ్చి, తలుపు తీస్తూనే, ఆ మాట పైకి అనేశాను. వంటింట్లో ఎవరూ లేరు.