ముందుకథ ముందు చూపించిన పాపం

జాతకాలు కుదరక చెడిన సంబంధాలు మీరు వినే ఉంటారు. సినిమాలు చూపించిన వరుస వల్ల పెళ్ళి చెడగొట్టుకోబోయిన ఘనుణ్ణి మాత్రం అండమాన్‌లో నేనొక్కణ్ణే. నికోబార్ సంగతి తెలియదు.

నేను చేసుకోవాలనుకున్న శైలజది బాంబూఫ్లాట్ అనే ఊరు. వాళ్ళ నాన్న అప్పలస్వామి గారు ముప్ఫై ఏళ్ళు ఫెర్రీ నడిపి రిటైరైన సరంగు. నేను డాలీగంజ్‌లో ఉండే ఇంజనీర్ని, అంటే ఎవరూ అడగనివి వివరించడంలో శిక్షణ పొందినవాణ్ణి. పెళ్ళి మాటకు ఆయన ఔననలేదు, కాదనలేదు. "ఆదివారాలు వస్తా ఉండు, చూద్దాం" అన్నారు. ఆయనకు సినిమాలిష్టమని శైలజ చెప్పగానే పెన్‌డ్రైవ్‌లో ఆరు అంతరిక్ష సినిమాలు పట్టుకెళ్ళాను.

మొదట తీసిన మూడింటిలో ఒక నియంత లోకాలను పీడిస్తాడు. ఏళ్ళ తర్వాత తీసిన మూడింటిలో వాడొకప్పుడు ఎంత మంచివాడో చూపిస్తారు. బుద్ధి ఉన్నవాళ్ళు తీసిన వరుసలో చూస్తారు. నేను కథ జరిగిన వరుసలో పెట్టాను. పెద్దాయన తికమకపడకూడదని నా దయ.

మొదటి ఆదివారం తెరమీద నౌకల ఇంజన్లు బాగుచేసే కుర్రాడు, పెద్దల మాట జవదాటనివాడు. అప్పలస్వామి గారు టీ చల్లారబెట్టుకుని మరీ చూశారు.

"ఈ కుర్రోడు అచ్చం నీలాగే ఉన్నాడు బాబూ."

"అందరూ అదే అంటారండి" అన్నాను సిగ్గుపడుతూ. ఎవరూ అనలేదు.

రెండో ఆదివారం ఆయన ఇరుగుపొరుగును కూడా పిలిచారు. మూడోది వద్దని శైలజ బతిమాలింది. కథ మధ్యలో ఆపడం కళకు ద్రోహమన్నాను.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. తెరమీది మా పువ్వు మూడో ఆదివారం ఒక గ్రహాన్ని తగలబెట్టి, పిల్లనిచ్చిన మామను నౌక తలుపు తీసి అంతరిక్షంలోకి తోసేసింది.

గదిలో ఫ్యాన్ కూడా ఒదిగి తిరిగింది.

"ఇదేటి?" అన్నారాయన.

నోరు మూసుకోవచ్చు. చదువు ఊరుకోనిస్తుందా? లోకంలో పూర్తి మంచివాళ్ళు, పూర్తి చెడ్డవాళ్ళు ఉండరనీ, పరిస్థితులే మనిషిని మారుస్తాయనీ, మామను తోసెయ్యడంలోనూ వాడి న్యాయం వాడికుందనీ పది నిమిషాలు వివరించాను.

"అంటే, అలాటి హాలత్ వస్తే నువ్వూ తోసేస్తావు."

"నేనలా అనలేదండి."

"ఆడూ ముందు అనలేదు."

మర్నాడే ఆయన చౌల్దారీ ఊళ్ళో ఉండే మా అమ్మ దగ్గరికెళ్ళి నా చిన్నతనం ఆరా తీశారు. అమ్మ పొంగిపోయింది. మావాడు బంగారమంది, చీమకైనా హాని చెయ్యడంది, పాడైన రేడియోలు తనే బాగుచేసేవాడంది. ఒక్కో సుగుణానికీ ఆయన మొహం ఇంకాస్త నల్లబడిందట.

"ఆడి బచ్‌పన్ కూడా సీదా ఇలాగే ఉందమ్మా" అని లేచి చెప్పులేసుకున్నారట.

ఏడాది పరిశీలన తర్వాత, శైలజ పట్టుదల వల్ల పెళ్ళైంది. ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషి, ఇప్పటికీ నాతో ఫెర్రీ ఎక్కితే మాత్రం లైఫ్‌జాకెట్ వేసుకుని రెయిలింగ్‌కు దూరంగా కూర్చుంటారు.

కనుక సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరికైనా సినిమాలు తీసిన వరుసలోనే చూపిస్తాను. మామగారికైతే భక్తి సినిమాలే. అవైనా ముందు నేను చివరిదాకా చూసి, కథలో అల్లుడు లేడని రూఢి చేసుకున్నాకే.