ముందు గద్వాల, తర్వాత వనపర్తి

కొత్తకోటలో బస్సెక్కిన రైతు నా కాళ్ల దగ్గర విత్తనాల సంచి దించగానే విత్తనాలకు పట్టించిన పురుగుమందు వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు తిమ్మప్ప సార్ గుర్తొస్తారు, వెంటనే ఒళ్లు మండుతుంది. వనపర్తిలో ఆయన పెట్టిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనే నేను పని నేర్చుకున్నాను. ప్రతిదానికీ వరుస కావాలాయనకు. రెండు ప్రశ్నలడిగి రెండోదానికి ముందు జవాబు చెప్పమంటే చచ్చినా చెప్పేవారు కాదు.

మేం పనిచేసి పెట్టిన విత్తనాల వ్యాపారికి గద్వాలలో ఒకటి, వనపర్తిలో ఒకటి గోదాములుండేవి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి సంచులు పంపాలంటే కంప్యూటర్ రెండు గోదాముల నిల్వకూ కాసేపు తాళం వేయాలి. లేకపోతే ఒకే సంచిని ఇద్దరు అమ్మేస్తారు. "ఎవరు పంపినా ముందు గద్వాల, తర్వాత వనపర్తి. అటుదిటైతే ఇద్దరు చెరో తాళం వట్టుకొని, రెండోదాని కోసం ఎదురుచూసుకుంట నిలవడ్తరు" అని సార్ చెవినిల్లు కట్టుకుని పోరేవారు.

ఆ ఏడు తొలకరి పడగానే, పదును ఆరకముందే ఆముదాలు వేయాలని గట్టు మండలం రైతులు గద్వాల గోదాం ముందు బారులు తీరారు. విత్తనాల లారీ వనపర్తిలో సిద్ధంగా ఉంది. అదే సమయంలో గద్వాల వాళ్లు వేరుశనగ ఇటు పంపబోయారు. కంప్యూటర్లు రెండుచోట్లా బిగుసుకుపోయాయి. ఆపి మళ్లీ మొదలుపెట్టినా అదే తంతు. బిల్లు రాక లారీ కదల్లేదు. వెతికితే, వనపర్తి వైపు వరుస తిరగబడి ఉంది.

"ఇది ఎవరు మార్చిండ్రు సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనేనమ్మా. ఆ గోదాం జూసేది మా బావ. 'నాది రెండోదేంది, ఇంటల్లునికి గిదేనా మర్యాద' అని అక్కతోని చెప్పిచ్చిండు. జర ముందుకేసిన."

ఏడాదంతా వరుస వరుస అంటూ నన్ను కాల్చుకుతిన్న మనిషి, బావ అలిగాడని దాన్నే తారుమారు చేశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆడ రైతులు ఎండల నిలవడ్డరు సార్," అన్నాను. గొంతు నాకే తెలియకుండా పెరిగింది.

ఆయన ఫోన్ తీశారు. "బావా, నీ గోదాం మళ్ల రెండోదే. నన్ను ఎంతన్న తిట్టు. పదునుకు అల్లుడెవరో తెల్వదు."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు నాకూ వినిపించింది. సార్ వరుస సరిచేశారు. పొద్దుగూకకముందే విత్తనాలు గట్టు చేరాయి. బావ మాత్రం మళ్లీ ఆయన గడప తొక్కలేదు. రాఖీ పున్నమికి అక్కనూ పంపలేదు. ఆ రోజు సార్ మామూలుగానే ఆఫీసుకొచ్చారు. "మొదలే కాదంటే గింత కోపం ఉండకపోవు. ఇచ్చి గుంజుకున్న," అన్నారు.

ఇప్పుడు వరుస రాసే పని నాది. నావాళ్లెవరైనా జర మా పేరు ముందుకెయ్యమంటే, రాఖీ లేని ఆ చెయ్యి గుర్తొచ్చి మొదటిరోజే కాదంటాను.