దోటోంబొరిలో జొన్నరొట్టె

మా ఆయనకు గుండె ఆపరేషన్ అయిన ఏడాది ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకున్నాను. శ్రావణ సోమవారాలు పొద్దంతా ఉపవాసముండి, దీపాలు పెట్టే వేళకు ముక్కూ ముఖం తెలియని మనిషికి రొట్టె పెట్టి, ఆ మనిషి నా కళ్ల ముందర తిన్నాకే నేను తింటానని. ఆదోనిలో అదేమంత కష్టం కాదు. బస్టాండు కాడ చేయి చాపేవాళ్లు ఉంటారు. వాళ్లు చివరి ముద్ద మింగేదాకా ఎదురుగా నిలబడి, స్వామికి దండం పెట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని.

ఒక శ్రావణంలో ఆయన పత్తి మిల్లు యంత్రాలు చూసేదానికి జపాను పోతా నన్నూ వెంటబెట్టుకుపోయినారు. ఒసాకాలో దిగిన రెండో దినమే సోమవారం. ఎండు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి ఇంటి నుంచే తెచ్చుకున్నాను.

సాయంత్రం దోటోంబొరి అనే పేటకు పోయినాము. నడుమ కాలువ, రెండు ఒడ్లా అంగళ్లు, తిండి కొట్లు. ఒక కొట్టు నెత్తిన ఎద్దంత పీత బొమ్మ కాళ్లాడిస్తాంది. మా నాయన ఇంట్లో పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆడుండే బోర్డుల్లో ఒక్క అక్షరమూ తెలియలేదు. తిరునాళ్లంత జనం. చేయి చాపే మనిషి మాత్రం ఒక్కరూ కనపడలేదు.

బట్టల సంచులు మోసుకుపోతున్న ఇద్దరు ఆడపిల్లలకు రొట్టె చూపిస్తే, నవ్వి, చేయి అడ్డంగా ఊపి, తల వంచి పోయినారు. పెనం మీద పిండి ఉండలు తిప్పే అంగడాయనా అంతే.

“మనూర్లో వాళ్లే నిన్ను వెతుక్కుంటా వస్తారు. ఈడ నువ్వే చేయి చాపి తిరుక్కుంటాండావు,” అన్నారు ఆయన.

“మీరు తినేయండి. మాత్ర వేసుకోవాల కదా.”

“నువ్వు పస్తుంటే నాకు ముద్ద దిగుతాదా?”

మాట నవ్వుతానే అన్నారు గానీ ముఖం వాడిపోయింది. ఎవరి ప్రాణం కోసం మొక్కినానో ఆయన్నే పస్తు పెడతాండానే అని భయమేసింది.

వెలుగులు దాటి ఒక సందులో తిరిగితే చిన్న గుడి. ఒళ్లంతా పాచి పట్టిన రాతి దేవుడు. సరుకుల సంచి పక్కన పెట్టి ఒక ముసలామె గరిటెతో నీళ్లు పోస్తాంది. మన అభిషేకమే. నన్ను చూసి గరిటె నా చేతికిచ్చింది. నేనూ పోసి, రొట్టె తీసి రెండు చేతులా చాపినాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, రెండు చేతులా అందుకుంది. కానీ తినలేదు. చేతిగుడ్డలో భద్రంగా చుట్టి సంచిలో పెట్టుకుంది.

“తీసుకునింది కదా, సాలు,” అన్నారాయన.

“నా ముందర తినాల కదండీ.”

ఆమె సంచిలోంచి రెండు అరటిపండ్లు తుంచి మా చేతుల్లో పెట్టింది. తినమన్నట్టు చేత్తో సైగ చేసి, తల వంచి, మేము తినేది చూడకుండానే వెళ్లిపోయింది.

ఇన్నేండ్లుగా ఆకలిగొన్నవాళ్ల నోటి ముందర కాపలా నిలబడినాను. తీసుకునే పక్క నిలబడింది ఆ దినమే. మేమిద్దరం ఆ గుడి మెట్టు మీద కూచొని పండ్లు తిన్నాము. ఆయన మాత్ర వేసుకున్నారు. ఏమైనా తప్పుంటే స్వామి నన్నే అడుగుతాడులే అనుకున్నాను. ఈరన్న దయ, ఆ తల్లి దయ, ఆయన కులాసాగా ఉన్నారు.

మొక్కు ఇప్పటికీ విడవలేదు. మొన్న శ్రావణంలో బస్టాండు కాడ ఒక అవ్వకు రొట్టె, పొడి పొట్లం కట్టి రెండు చేతులా ఇచ్చినాను.

“ఈడనే తినల్లా అమ్మా?” అంది అవ్వ, అలవాటు కొద్దీ.

“నీ ఇష్టం అవ్వా,” అని వచ్చేసినాను.