మెడికల్ బోర్డు ముందు డ్రాగన్

బేరం ఆడకుండా నేను తీసుకున్నది ఒక్కటే, నా పేరు. నాకు మాటలు రాకముందే పెట్టేశారు కాబట్టి కుదిరింది.

గోదావరిఖనిలో మా నాన్నది పుస్తకాలు, పెన్నులు, గాజులు, సబ్బులు, గొడుగులు అమ్మే షాపు. ఇప్పుడది నాది. గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూచోబెట్టి నాన్న నేర్పిన మొదటి పాఠం మూడో అడుగు. ధర నచ్చలేదని కొనేవాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోతారు. నిజంగా వెళ్ళేవాళ్ళు ఒకే నడకలో వెళ్తారు. కొనాలని మనసున్నవాళ్ళు మూడో అడుగు దగ్గర కాస్త నెమ్మదిస్తారు. చెప్పు సరిచేసుకుంటారు, ఆకాశం చూస్తారు. అప్పుడు పిలవాలి. రెండో అడుగుకే పిలిస్తే మనం చులకన. నాలుగో అడుగుదాకా ఆగితే పక్క షాపాయన పిలిచేసి ఉంటాడు.

ఈ విద్యతో చాలామందిని గెలిచాను. ఒక హోల్‌సేల్ ఏజెంటును మాత్రం అవసరానికి మించి గెలిచాను. నోటుబుక్కుల మీద తగ్గించిన కొద్దీ ఇంకా తగ్గించమంటూ పోతే, పాపం అతను విసిగిపోయాడు.

"సరే అక్కా, మీరన్న రేటుకే ఇస్త. గని ఈ రెండు డబ్బలు గూడ తీసుకోవాలె" అని రెండు అట్టడబ్బాలు కౌంటరు మీద పెట్టి మెట్లు దిగాడు. మూడో అడుగు దగ్గర ఆగలేదు.

డబ్బాల నిండా రాక్షసుల కార్డుల ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్లో ఆరు కార్డులు, ఏవి వస్తాయో చింపితే గానీ తెలియదు. వద్దనుకున్నవి ఇచ్చి కావాలనుకున్నవి మార్చుకుని ఎవరి జట్టు వాళ్ళు కూర్చుకోవాలి. కార్డు మీద ఒక వింత జంతువు బొమ్మ, దాని వంశం నిప్పో నీరో మన్నో, దాని బలం ఎంతో, అది కొట్టే దెబ్బ ఎంతో అంకెలు ఉంటాయి. దెబ్బ తగిలితే బలం తగ్గుతుంది. ఎవరి జట్టు ముందుగా ఖాళీ అయితే వాళ్ళు ఓడినట్టు. బడిపిల్లలకు చూపిస్తే, "ఇవి ఫోన్‌ల ఉన్నయి గదా ఆంటీ" అని రబ్బర్లు కొనుక్కుని వెళ్ళిపోయారు.

ఆ కార్డులకు పట్టిన అదృష్టం వేరు. మా షాపు ముందు బెంచీ మీద రోజూ ఇద్దరు రిటైరైనవాళ్ళు కూచునేవాళ్ళు. ఒకాయన కాక. ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గుబాయిలో పనిచేశాడు. షిఫ్టు మొదలయ్యేముందు అందరికంటే ముందు లోపలికి పోయి, ఇనుప కడ్డీతో పైకప్పు తట్టి చప్పుడు వినడం ఆయన పని. గుల్లగా మోగితే ఎవరినీ లోపలికి రానివ్వడు. ఇంట్లో కాకమ్మ ఊడుస్తుంటే ప్రతి మూలా ఆయనే అడ్డం వస్తాడట, అందుకని టిఫిన్ కాగానే బయటికి పంపించేస్తుంది. రెండో ఆయన సారు. కంపెనీ జీతాల ఆఫీసులో గుమస్తాగా చేశాడు. ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులూ మా బెంచీ. ఒకసారి పెన్షను కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చి, ఆనాటి నుంచి కూచున్నచోటే ఉన్నాడు.

చెల్లని సరుకు కదా అని వాళ్ళకో ప్యాకెట్టు ఊరికే ఇచ్చాను. వారం తిరిగేసరికి ముగ్గురం ఆడుతున్నాం.

మనిషి ఎట్లా బతికాడో అట్లాగే ఆడతాడని అప్పుడు తెలిసింది. కాక ఏ కార్డు దించాలన్నా ముందు దాన్ని వేలిగోటితో రెండుసార్లు తట్టి చెవి పెట్టి వినేవాడు.

"ఏం వినవడుతుంది కాకా?"

"దీనికి ఇయ్యాల మంచిగ లేదు" అని దాన్ని లోపల పెట్టుకుని వేరేది తట్టేవాడు.

సారు ప్రతి ఎత్తునూ పొడుగు నోటుబుక్కులో టైముతో సహా రాసేవాడు. నా తాబేలు మీదికి తన పులిని పంపేముందు, "మీకేమన్న అభ్యంతరమా?" అని అడిగేవాడు. ఉందంటే అదీ రాసుకుని, తర్వాత కొట్టేవాడు.

ఇక నేను. సారు పులి అరవై దెబ్బ కొడితే, "అరవై అంటె మరీ ఎక్కువ సారూ, నలభై చేసుకోండ్రి" అనేదాన్ని.

"కార్డు మీద రాసుంది గదమ్మా."

"ఎమ్మార్పీ గూడ రాసే ఉంటది సారూ. ఎవలన్న ఇస్తున్నరా?"

ఒక్కోసారి యాభైకి ఒప్పుకునేవాడు. ఆ పదీ తగ్గినందుకు నాకు కలిగిన ఆనందం ఆట గెలిచినా కలగలేదు.

నియమాల కాగితం చీమతలలంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. సారు చదివి చెప్పినంత పాటించాం. మడతల్లో చెరిగిపోయినచోట మాకు తెలిసింది పెట్టుకున్నాం. ఒకసారి దెబ్బ కొట్టిన కార్డును అడ్డంగా తిప్పి ఒక వంతు ఆపాలని ఉంది. ఎందుకని నేనడిగితే కాక నన్ను వింతగా చూశాడు.

"డ్యూటీ చేసొచ్చినోడు గద బిడ్డా. పండుకోనియ్యవా?"

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మా దగ్గర బాయిలో పనిచేసే మనిషి ఒళ్ళు పాడైతే మెడికల్ బోర్డుకు పోతాడు. డాక్టర్లు అన్‌ఫిట్ అంటే అతని కొలువు కొడుక్కి వస్తుంది. ఫిట్ అంటే మళ్ళీ బాయిలోకి దిగాల్సిందే. తండ్రికి రోగం ఖాయమైందని మిఠాయి పంచిన ఇళ్ళకు డబ్బాలు కట్టడానికి రంగుదారం నేనే అమ్మాను. కాక మూడుసార్లు బోర్డుకు పోయాడు.

"మూడుసార్లూ గుండె మంచిగుంది, ఊపిరి మంచిగుందన్నరు. గంత మంచి మాట విని ఏడ్సుకుంట ఇంటికొచ్చినోణ్ణి నేనొక్కణ్ణే" అనేవాడు. ఆయన కొడుకు ఇప్పటికీ ట్రాలీ ఆటో నడుపుతున్నాడు.

అందుకని ఆ నియమం పెట్టింది కాకే. బలం సగానికి పడిపోయిన కార్డు బోర్డుకు పోవచ్చు. ఆ ఆటలో ఆడని మూడో మనిషే బోర్డు. బోర్డు అన్‌ఫిట్ అంటే కార్డు పక్కకు తప్పుకుని, అదే వంశంలోని చిన్న కార్డు తండ్రికున్నంత పూర్తి బలంతో కొలువులో చేరుతుంది. బోర్డు మాటే ఆఖరి మాట.

ఫలితంగా ఆట ముగియడం మానేసింది. చచ్చే ప్రతి జంతువుకూ ఒక వారసుడు తేలేవాడు. సోమవారం మొదలైన ఆట గురువారం దాకా నడిచింది. అది లోపమని మాలో ఎవరికీ తోచలేదు. షాపు మాత్రం ఏనాడైనా ముగిసిందా?

నా తప్పు ఆ గురువారమే జరిగింది. ఆట కాకతో, బోర్డు సారు. నా ఏనుగు బలం సగానికి కొంచెం పైనే ఉంది, కాబట్టి బోర్డుకు పోవడానికి లేదు. ముందు నోటితో ప్రయత్నించాను. కాలు కుంటుతోందన్నాను, రాత్రిళ్ళు దగ్గుతోందన్నాను. సారు కదల్లేదు. అప్పుడు అల్లం చాయ్ తెప్పించి, నాలుగు బిస్కెట్లు పక్కన పెట్టి ఆయన ముందుకు జరిపాను.

సారు చాయ్ తాగాడు. నాలుగు బిస్కెట్లూ తిన్నాడు. మీసం తుడుచుకుని లేచి, కౌంటరు దగ్గరికి వచ్చి ఒక కార్బన్ పేపరు అడిగాడు. ఎందుకో తెలియక మంచిది చూసి ఇచ్చాను. దానితోనే నా మీద ఛార్జిషీటు రాశాడు, రెండు కాపీలు. బోర్డును ప్రలోభపెట్టుట. బేరము వల్ల ఆటను సాగదీయుట. విచారణ ముగియువరకు సస్పెన్షన్.

"బెంచీ నాది సారూ" అన్నాను.

"బెంచి నీదే బిడ్డా" అన్నాడు కాక. "ఆట నీది గాదు."

పదకొండు రోజులు నా షాపు ముందు, నా బెంచీ మీద, నేనిచ్చిన కార్డులతో వాళ్ళిద్దరూ ఆడారు. నేను గల్లాపెట్టె దగ్గర కూచుని చప్పుళ్ళు విన్నాను. కాక గోరు రెండుసార్లు తట్టేది. సారు పెన్ను గీసేది. మూడో మనిషి లేడు కాబట్టి బోర్డు లేదు, బోర్డు లేదు కాబట్టి ఏ ఆటా పావుగంట దాటేది కాదు. ఇద్దరూ తుమ్మల్లో పొద్దుగూకినట్టు కూచునేవాళ్ళు. అయినా పిలిచేవాళ్ళు కాదు. చెవులు అటే ఉండటం వల్ల ఒకరోజు గొడుగు కొనడానికొచ్చిన ఆమె అడిగిన మొదటి రేటుకే "సరే" అనేశాను. ఆమె అక్కడే గొడుగు తెరిచి చిరుగు కోసం వెతికింది. దొరకలేదని ఇంకా అనుమానపడి, కొనకుండా వెళ్ళిపోయింది. నేను లెక్కపెట్టాను, మూడో అడుగు దగ్గర ఆగలేదు. మళ్ళీ ఆ బెంచీ మీద కూచోనిస్తే చాలని నాకు ఆరోజే తెలిసింది.

పన్నెండో రోజు విచారణ జరిగింది. ఒక్క ఆట పెడతారు. సారుతో నేను ఆడాలి, బోర్డు కాక. ఆట మొత్తంలో ఒక్క బేరం మాట రాకూడదు. రాకపోతే మళ్ళీ చేర్చుకుంటారు. వస్తే మళ్ళీ శిక్ష.

నోట్లో లవంగం పెట్టుకుని కూచున్నాను. సారు పులి నా తాబేలును అరవై కొట్టింది. తల ఊపాను. ఇంకో కార్డుతో ఎనభై కొట్టాడు. మళ్ళీ ఊపాను. లవంగాలు మార్చుకుంటూ మధ్యాహ్నం దాకా లాగాను. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పడి గాజుల స్టాండు గలగలలాడినప్పుడు ముగ్గురం అలవాటుగా అరచేతులు కార్డుల మీద మూశాం. అప్పటికి సారుకు నీరసించిన పులి ఒక్కటే మిగిలింది. నాకు నిప్పు వంశం డ్రాగన్ ఒకటి, చేతిలో ఇంకో కార్డు. తర్వాతి దెబ్బకు డ్రాగన్ బలం సగం కిందికి పోయింది. బోర్డుకు పంపాను.

కాక డ్రాగన్‌ను తట్టి విన్నాడు. "గుల్ల కొడుతుంది. అన్‌ఫిట్. వారసుడెవలు?"

నా చేతిలో మిగిలింది నీటి వంశం కప్ప. ఇవ్వకముందే కాక దాన్ని లాక్కుని, దూరంగా పట్టి ఒకసారి, దగ్గరగా పట్టి ఒకసారి చూశాడు.

"కొడుకే. ముక్కు సూడు, తండ్రిదే."

ఆ కప్ప నీలం రంగుది. మూడు కళ్ళున్నాయి, ముక్కే లేదు.

"బోర్డు మాటే ఆఖరి మాట" అని సారు రాయడం మొదలుపెట్టాడు. కాక నా వైపు చూడలేదు. కళ్ళ ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన రోడ్డు అవతల నుంచే మా షాపులో ధరల చీటీలు చదువుతాడు. కప్ప ఏ వంశమో తెలియకుండా అన్నది కాదు.

ఊరుకుంటే చాలు. పూర్తి బలంతో కప్ప దిగుతుంది, పులి పోతుంది, నేను నోరు విప్పలేదు కాబట్టి బెంచీ నాదవుతుంది. ఇంత సులువైన సరుకు నా చేతికి ఎప్పుడూ రాలేదు. కానీ అడగకుండానే ఎవరైనా తగ్గించి ఇస్తే అందులో చిరుగుంటుందని గొడుగామెకు తెలిసినట్టే నాకూ తెలుసు. లవంగం ఉమ్మేశాను.

"సారూ, ఇది దీని బిడ్డ గాదు."

సారు పెన్ను ఆగింది. "అయితె వారసుడు లేడు. డ్రాగన్ పక్కకు పోవాలె."

అది పోతే మిగిలేది ఒట్టి కప్ప. కప్పకున్న సొంత బలం పులి కాలిగోటికి చాలదు. ఆ క్షణంలో నా నాలుక నన్ను అడగలేదు.

"పూర్తి బలమొద్దు సారూ. దత్తత అనుకోండ్రి. సగం ఇయ్యండ్రి."

అన్నాక అరచేత్తో నోరు మూసుకున్నాను. కాక నుదురు మోకాళ్ళకు ఆనించాడు.

"సచ్చినవ్ బిడ్డా" అన్నాడు అక్కడి నుంచే.

సారు చాలాసేపు రాశాడు. ఒకే కాగితం మీద రెండు పేరాలు వచ్చాయి. మొదటిది, తనకు నష్టమని తెలిసీ నిజము చెప్పినందుకు అభినందన. రెండవది, ఆ నిజము చల్లారకముందే దాని మీద బేరము ఆడినందుకు ఏడు రోజుల సస్పెన్షన్. సంతకం పెట్టి నా కాపీ నాకిచ్చాడు. దాన్ని ధరల బోర్డు పక్కన అంటించాను, మొదటి పేరా కనబడేట్టు మడిచి.

మూడో రోజు కాక సబ్బు కొనడానికి వచ్చాడు. సబ్బు అవసరమున్న మనిషిలా లేడు.

"ఏడు రోజులంటె శాన ఎక్కువ. సారును అడుగు, నాలుగుకు వస్తడు" అన్నాడు గొంతు తగ్గించి.

"అడిగితె అది గూడ బేరమే గద కాకా. మళ్ల రాస్తడు."

"పోనీ నేనడుగుత. నువ్వు ఊకో."

"ఏడంటె ఏడే. ఒకటే మాట."

మా షాపులో ఆ మాట అంతవరకు ఎవరూ అనలేదు. కాక నన్ను జ్వరమొచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. కౌంటరును గోటితో రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విని, సబ్బు అక్కడే వదిలేసి మెట్లు దిగాడు. ఒకటి. రెండు. మూడో అడుగు దగ్గర నెమ్మదించి చెప్పు సరిచేసుకున్నాడు. ఆకాశం చూశాడు. నేను కౌంటరు అంచు గట్టిగా పట్టుకుని పిలవకుండా ఉన్నాను.

బెంచీ మీద నుంచి సారు గొంతు వినబడింది. తల ఎత్తకుండానే నోటుబుక్కు పేజీలు తిప్పుతున్నాడు.

"ఆమె ఆడొద్దని రాసిన. బోర్డుల కూసోవద్దని నేనేడ రాయలే."

గల్లాపెట్టె తాళం వేసి స్టూలు ఎత్తుకుని బయటికొచ్చాను. ఆట మొదలైంది. గంట తిరగకముందే కాక తన దున్నపోతును అరచేతిలో పెట్టుకుని, దవాఖానకు తండ్రిని తీసుకొచ్చినంత మెల్లగా నా ముందు ఉంచాడు. సారు రాసిన అంకె చూశాను. బలం సగానికి ఇంకా పైనే ఉంది. అయినా మర్యాదకు రెండుసార్లు తట్టి చెవి పెట్టాను.

"ఏమంటుంది?" అన్నాడు కాక.

"ఫిట్" అన్నాను.

కాక దున్నపోతును వెనక్కి తీసుకుని పులి ముందు నిలబెట్టాడు.

"గీ ఊర్ల బోర్డుల ఎవలు కూసున్నా గింతే" అన్నాడు.