పైనున్న చీటీ

అరవైల మొదట్లో గుంటూరులో ఒక కాన్పుల ఆసుపత్రిలో చీటీలు భద్రపరిచే ఉద్యోగం నాది. ఒక్కో గర్భిణికి ఒక్కో కట్ట. ఆమెను చూసినప్పుడల్లా ఒక చీటీ రాసేవాళ్ళు. దాన్ని పాతవాటి మీద పెట్టి దారం కట్టేదాన్ని. ఆమె మళ్ళీ వస్తే కట్ట విప్పి, అన్నిటికన్నా కొత్త చీటీ చూసి అందులో ఉన్నట్టు చెప్పాలి. ఇంత చిన్న పనికి నాకెంత గర్వమో. ఏ కట్టయినా నిమిషంలో తీస్తానని అందరికీ చెప్పుకునేదాన్ని. ముక్కు మీద కోపం సరేసరి.

పైనున్నదే కొత్తది. అంతకు మించి ఏనాడూ ఆలోచించలేదు.

ఒక రోజు ఉదయం సత్తెనపల్లి బస్సు దిగి అత్తాకోడళ్ళు వచ్చారు. దూది ఏకే సాయిబుల ఇంటివాళ్ళు, పత్తి తీతలప్పుడు కూలికీ వెళ్తారు. అత్త జుట్టులో ఇంకా దూది నూగు అంటుకునే ఉంది. కోడలికి నెలలు నిండాయి. కట్ట తీసి చూశాను. పై చీటీ వాళ్ళ ఊరు తిరిగే నర్సమ్మ రాసింది. అంతా బాగుంది, ఇంటి దగ్గరే కాన్పు చేయవచ్చు అని ఉంది.

“బాగానే ఉందమ్మా, ఇంటికెళ్ళండి. నొప్పులొస్తే మంత్రసానిని పిలుచుకోండి,” అన్నాను.

కోడలు బెంచీ మీంచి మెల్లగా లేచింది. అత్త మాత్రం నా బల్ల ముందు చతికిలబడింది.

“అది పాత చీటీ తల్లీ. డాక్టరమ్మ ఇక్కడే చేర్చుకుంటానంది.”

“చదువుకున్నది నువ్వా నేనా పెద్దమ్మా?”

“నువ్వే. నాకు అక్షరం ముక్క రాదు. మొదటి తీతప్పుడు నర్సమ్మ మా ఊరొచ్చి చూసింది. రెండో తీత అయ్యాక మేమే ఇక్కడికొచ్చాం. డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యేసి చూసి బిడ్డ అడ్డంగా ఉందంది. ఆ కాగితం తియ్యి.”

“పోదాం పద అత్తా. ఆమె కోప్పడుతోంది,” అంది కోడలు.

“కోప్పడనీ. నువ్వు కూర్చో.”

ఆమె నోరు మూయిద్దామనే కింది చీటీ తీశాను. డాక్టరమ్మ రాతే. బిడ్డ అడ్డం, నెల నిండగానే చేర్చుకోవాలి, ఆపరేషన్. అప్పుడు చూశాను తేదీలు. పైనున్నది దానికన్నా మూడు వారాల ముందుది. ఊళ్ళల్లో రాసిన చీటీలను నర్సమ్మలు పోగేసి నెలకోసారి బస్సులో పంపేవాళ్ళు. నేను వచ్చినవాటిని వచ్చినట్టే పైన పెట్టి కట్టేశాను. చివర వచ్చింది చివర రాసింది కానక్కర్లేదని నాకు తట్టనే లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసే అని ఉంటారు.

డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

మర్నాడు వార్డుకెళ్ళి అత్త పక్కన కూర్చుని ఏడ్చేశాను. “నువ్వు కదలకుండా కూర్చున్నావు కాబట్టి సరిపోయింది. ఎదురు చెప్పకుండా లేచి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది ఉన్నారో,” అన్నాను.

“ఏడిస్తే తెలుస్తుందా? కట్టలు విప్పు,” అంది.

రెండు రోజులు మా చీటీల గదిలోనే కూర్చుంది. నేను ఒక్కో మనిషి చీటీలు బల్ల మీద పరిచి, తేదీలు చూసి, ఆఖరిది పైకి తెచ్చేదాన్ని. ఆమె దారం కట్టేది. దూదేకుల బెత్తం పట్టి కాయలు కాచిన వేళ్ళు, ముడి మాత్రం నాకన్నా పొందిగ్గా వేసేది. రెండో రోజు దొరికింది ఒక కట్ట. కాళ్ళు వాచాయి, రక్తపోటు ఎక్కువ, వెంటనే చేర్చుకోవాలి అన్న చీటీ అడుగున ఉంది. చిట్టాలో చూస్తే, ఆ గర్భిణిని నాలుగు రోజుల క్రితం నేనే ఇంటికి పంపాను. ఆమె ముఖం గుర్తు తెచ్చుకుందామంటే గుర్తు రాలేదు. దానికే నాకు ఎక్కువ సిగ్గేసింది.

ఉత్తరం రాస్తానన్నాను. ఏ ఊరని అత్త అడిగింది. చెప్పాను.

“మా ఊరికి రెండు కోసుల దూరం. నీ ఉత్తరం నడిచేలోపు నేను వెళ్ళొస్తా. నా కోడల్ని నువ్వు చూసుకో.”

నిన్న మొన్న పుట్టిన మనవరాలిని నా చేతుల్లో పెట్టి బస్సెక్కింది. ఆ తర్వాత మూడు రోజులూ పని కాగానే వార్డుకెళ్ళేదాన్ని. కోడలికి గంజి తాగించి, పిల్లను ఎత్తుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. “మా అత్త వెళ్ళిందంటే తీసుకురాక మానదు,” అని బాలింత నాకు ధైర్యం చెప్పేది.

నాలుగో రోజు పొద్దున ఆమె వచ్చింది. ఒక నిండు గర్భిణిని చెయ్యి పట్టుకుని, అడుగులో అడుగేయిస్తూ నా బల్ల దాకా నడిపించుకొచ్చింది.

“ఈ పిల్ల కాగితం నిదానంగా చూడు తల్లీ. నేను ఇక్కడే ఉంటా,” అంది.

కట్ట విప్పాను. తేదీలు కనిపించడం లేదు, కళ్ళనిండా నీళ్ళు. ఆమె ఆ అమ్మాయిని బెంచీ మీద కూర్చోబెట్టి, నేను కళ్ళు తుడుచుకునేదాకా నా పక్కనే నిలబడింది.