రెక్క కింది ఎరుపు

మా ఆవిడ అక్క మొగుడు, అంటే నా షడ్డకుడు, నగరిలో మగ్గం నేసేవాడు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రంగురంగుల నూలుపోగులు ఉండేవి. ఏ రంగు కంటబడినా ఒక పోగు తీసి పక్కన పెట్టి చూసేవాడు.

ఒక చలికాలం వాళ్ళూ మేమూ అందరం పులికాట్ సరస్సుకు పోయినాం. పక్షుల పిచ్చి నాది. మెడలో బైనాక్యులర్సు, చేతిలో నోటుబుక్కు. నేను పేర్లు చెప్తా ఉంటే మా ఆవిడ ఆవులిస్తా ఉన్నింది.

ఉన్నట్టుండి ఫ్లెమింగోల గుంపు లేచింది. ఆయన ఒక పోగును ఆకాశానికెత్తి పట్టుకొని, "సూడప్పా, పైకి లేత గులాబీ. ఎరుపంతా రెక్క కింద దాసిపెట్టుకోనుండాయి," అన్నాడు.

"అక్కా, బావకు ఏం కండ్లే!" అనింది మా ఆవిడ. పదేండ్ల కాపురంలో నన్ను ఒక్కసారన్నా అట్లా అన్లేదు.

ఉగాదికి ఆయన మా ఆవిడకు చీర నేసి పంపినాడు. లేత గులాబీ చీర. ఎరుపు కుచ్చిళ్ళ మడతల్లో దాగి, నడిచినప్పుడే కనబడేది. ఆమె కట్టుకొని హాల్లో అటూ ఇటూ నడిచి, "అదే రంగు కదా?" అని అడిగింది.

"యాడ? దానికీ దీనికీ సంబంధమే లేదు," అన్నాను.

ఆమె మళ్ళీ ఆ చీర కట్టలేదు. నేను మాత్రం ఏటా సరస్సుకు పోతానే ఉన్నాను. గుంపు లేచినప్పుడల్లా మా ఆవిడ హాల్లో నడస్తా కనబడతాది.