ఎంగిలి కాదు, బోరు నీళ్ళు

ఓబుళమ్మ ఎంగిలి చేసిందన్న మాట అబద్ధం. ఆ కెపాసిటర్లు పేలింది బోరు నీళ్ళ వల్ల. ఎంగిలి అన్న పెద్దమనిషికి ఆ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు.

ముందు ఈ మాట రాసిపెట్టి, తర్వాత ప్రయాణం సంగతి చెబుతాను. దారిలో కొండలూ కోటలూ చెప్పుకుంటూ పోతే అసలు మాట వెనకబడుతుంది. ఇప్పటికే నలభై ఏళ్ళు వెనకబడింది.

హిందూపురంలో మా ఇంటి దగ్గర టీవీలు బాగుచేసే అంగడి ఒకటుంది. పొద్దుపోక అక్కడ కూర్చోవడం నాకు అలవాటు. పోయిన నెల, ధర్మవరం నుంచి చీరలు తెచ్చి అమ్ముకునే ఒకాయన పాడైన యాంప్లిఫయర్ పట్టుకుని వచ్చాడు. మాటల్లో వాళ్ళ వీధి పేరు చెబితే, అక్కడ ఓబుళమ్మ అని ఉండాలే, తెలుసా అన్నాను. "ఎవరు, ఎంగిలి ఓబుళమ్మనా?" అన్నాడు, ఇంటిపేరు చెప్పినంత తేలిగ్గా. చేతిలో టీ గ్లాసు అట్లాగే పెట్టేసి ఇంటికొచ్చాను. నలభై ఏళ్ళ కింద నేను పనిచేసిన కెపాసిటర్ల షెడ్డులో పుట్టిన మాట ఇంకా బతికే ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఈ ఎంగిలి కథ తెలియాలంటే కెపాసిటర్ ఎట్లా చేస్తారో కొంచెం తెలియాలి. నేను ఇంజనీరింగ్ చదవలేదు. పదో తరగతి తప్పి, డిక్షనరీ పక్కన పెట్టుకుని కంపెనీల కాగితాలు చదివి నేర్చుకున్నవాణ్ణి. నాకు అర్థమైన భాషలోనే చెబుతాను. పలచటి అల్యూమినియం రేకును ముందు ఆమ్లంలో వేసి కొరికిస్తారు. గరుకుతేలి దాని వైశాల్యం పెరుగుతుంది. తర్వాత ఒక ద్రావణంలో ముంచి కరెంటు పెడితే, దాని మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర కడుతుంది. కెపాసిటర్ ప్రాణమంతా ఆ పొరే. రేకు మాకు అంతవరకు తయారై బయటినుంచి వచ్చేది. మా షెడ్డులో రేకు, కాగితం, మళ్ళీ రేకు, మళ్ళీ కాగితం పేర్చి బీడీ చుట్టినట్టు చుట్టేవాళ్ళు. ఆ చుట్టను గ్లైకాల్ ద్రావణంలో నానబెట్టి, డబ్బాలో దింపి, రబ్బరు బిరడాతో మూతి బిగించేవాళ్ళు. చివరికి చాలాసేపు కరెంటు పెట్టి ఉంచాలి. చుట్టేటప్పుడు పొర మీద పడిన గాట్లు ఆ కరెంటుకు మానుతాయి. దీన్ని ఇంగ్లీషులో ఏజింగ్ అంటారు. మేము మామిడికాయలకు చెప్పినట్టు 'మాగబెట్టడం' అనేవాళ్ళం. ఆ మాగబెట్టే గది నాది.

ఇంత పనికీ శత్రువు ఒక్కటే, ఉప్పు. చెమటలో ఉంటుంది, ఉమ్ములో ఉంటుంది, మా హిందూపురం నేల నీళ్ళలో కావలసినంత ఉంటుంది. లోపలికి కొంచెం పోయినా రేకును తినేస్తుంది, గ్యాసు పుడుతుంది, డబ్బా ఉబ్బి పేలుతుంది.

ఆ మాట సరిచేద్దామని బయల్దేరిన రోజు పొద్దున ఏడున్నరకు హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సు ఎక్కాను. ఉగ్గాని, బజ్జీ బస్టాండు బయటే తిన్నాను. ఈ దారిన పోయేవాళ్ళకు నా సలహా అదే, సోమందేపల్లిలో తిందామని ఆగొద్దు, బస్సు అక్కడ నిలబడదు. సీట్లో నా పక్కన పరిగి నుంచి వచ్చిన ఒకామె చింతపండు మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. కండక్టర్ నాకు టికెట్ కొట్టి, ఆమెకు ఆడవాళ్ళ ఉచితం చీటీ ఇచ్చాడు.

"ఏమన్నా, దుడ్లు కట్టినోడు కిటికీ కాడ కూసోవాల గదా, నేను కూసున్నా. కోపమా?" అని నవ్వింది. నా ఒళ్ళో ఉన్న పొడుం డబ్బా చూసి, "ఏముండాది దాంట్లో? అంత పదిలంగా పట్టుకోనుండావు, బంగారమా?"

మూత తీసి చూపించాను. పేలిన కెపాసిటర్ డబ్బా ఒకటి, దాన్నుంచి నేను విప్పిన రేకు చుట్ట. రేకు నిండా మశూచి మచ్చల్లాగా బొక్కలు.

"ఓయమ్మ, బాంబు మాదిరుండాది! యాడిదిది?"

చెప్పాను. ఉప్పు తగిలితే అల్యూమినియం ఇట్లా అవుతుందని చెప్పబోయేసరికి అడ్డం వచ్చింది. "ఇది సత్తు కదన్నా? సత్తు గిన్నెలో ఉప్పేసిన చింతపండు పులుసు రాత్రంతా పెడితే తెల్లారికి ఇట్లే ఉంటాది. మా కోడలు రెండు గిన్నెలు ఇట్లే తూట్లు పొడిచె." అదీ సంగతి. ఇంటింటా తెలిసిన ఈ సంగతి, ఎంగిలి అన్న ఆ పెద్దమనిషికి, ఇంజనీరు చదువు చదివిన మా మేనేజరుకు తెలియలేదంటే ఎవరు నమ్ముతారు?

పెనుకొండ చేరకముందే, అక్కడి కార్ల ఫ్యాక్టరీకి సామాను చేసే కంపెనీలు వచ్చాయి. బస్సు పోతూ పోతూ ఉంటే వాటి గోడ కూడా పోతూనే ఉంది. ఒక్కొక్క కారులో వందల కొద్దీ కెపాసిటర్లుంటాయి. అవన్నీ ఓడలెక్కి ఎక్కడెక్కడినుంచో వస్తాయి. ఒకప్పుడు మా ఊరినుంచే మా షెడ్డు సరుకు అట్టపెట్టెల్లో బెంగళూరు పోయేది. రేడియోలకు, టీవీలకు మా డబ్బాలే. ఆ షెడ్డులో ఇప్పుడు సిమెంటు మూటలు పేర్చుకున్నారు. గోడ దాటేదాకా నేను అటే చూస్తూ కూర్చున్నాను.

మేనేజరు పెనుకొండలోనే ఉంటున్నాడని పాత తోటివాడొకడు చెప్పాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. కొండ కింద మూడంతస్తుల ఇల్లు కట్టి, పైవాటాలు కార్ల ఫ్యాక్టరీవాళ్ళకు బాడుగకిచ్చాడు. తొమ్మిది దాటాక తలుపు కొట్టాను. కొంచెంసేపు చూసి గుర్తుపట్టాడు.

"నాగప్పా! నువ్వింకా ఉండావా?"

"ఉండాను సారూ. ఒక మాట మిగిలిపోయింది, దానికోసం."

వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. నేను పొడుం డబ్బా తెరిచి బల్ల మీద పెట్టాను. ఆయన ముఖం మారింది.

ఆ పాత సంగతి ఇది. ధర్మవరంలో మగ్గాలు సరిగా ఆడని రోజుల్లో ఓబుళమ్మ హిందూపురంలో మేనత్త ఇంట్లో ఉండి మా దగ్గర పనికి చేరింది. పట్టుపోగు చుట్టిన చేయి, రేకు చినగకుండా చుట్టేది. కానీ పట్టు పనివాళ్ళకు ఒక అలవాటు. పోగు కొన నాలికకు తాకించి అతుకుతారు. 'పట్టుకు ఎంగిలి లేదు' అని వాళ్ళ మాట. అదే అలవాటుకొద్దీ మొదటి వారం కాగితం కొన చుట్ట చుట్టే తిరుగుడుపుల్లకు అంటించేటప్పుడు వేలు నాలికకు తాకించేది. "అమ్మా, పట్టుకు లేకపోవచ్చు, రేకుకు ఎంగిలి ఉండాది" అని నేనే చెప్పాను. ఆ రోజునుంచి మానేసింది. ఒక స్పాంజి ముక్క తడిపి పెట్టుకుంది.

కొన్ని నెలల తర్వాత నీళ్ళు కాచి శుద్ధిచేసే యంత్రం చెడిపోయింది. ఆర్డరు నెత్తిమీదుంది. ద్రావణంలోకి బోరు నీళ్ళు పట్టించారు. ఆ సరుకు బెంగళూరులో పేలి వెనక్కొచ్చింది. మేనేజరు కంపెనీకి ఇంగ్లీషులో 'ఆపరేటర్ కంటామినేషన్', అంటే పనిచేసేవాళ్ళ వల్ల మలినం చేరిందని రాసి, షెడ్డులో అందరినీ నిలబెట్టి దాన్ని తెలుగు చేశాడు. "ఈమె ఎంగిలి వల్ల" అన్నాడు. ఆమెను ఆ పొద్దే పంపేశారు. ఇంగ్లీషు మాట ఫైలులో పడి చచ్చిపోయింది. తెలుగు మాట ఆమెకన్నా ముందు ధర్మవరం చేరింది.

"ఎంగిలి వేలు తగిలితే చుట్ట మొదట్లో మచ్చలు పడాల సారూ," అన్నాను. "చూడండి, మొదలు ఎంత మచ్చో కొస అంతే మచ్చ. ద్రావణంలోనే ఉప్పుండాది. ఆ పొద్దూ ఇదే చెప్తి. నువ్వేమన్నా ఇంజనీరా అంటిరి."

"ఆమె నాలికకు వేలు పెట్టేది నా కండ్లతో చూసినా నాగప్పా."

"మొదటి వారం!"

"నలభై ఏండ్లాయె. ఫ్యాక్టరీ లేదు, ఓనరు లేడు. ఇప్పుడెవరికి కావాలప్పా ఇది? ఈ రేకులు ఇన్నాళ్ళు దాచిపెట్టుకున్నావా? పిచ్చోడివి."

నేను వెళ్ళిపోలేదు. దాహమేసి, వరండా పక్కన కొళాయి కనిపిస్తే అక్కడున్న లోటాతో పట్టుకోబోయాను. ఆయన కంగారుగా లేచాడు. "ఏయ్, అది తాగొద్దు. బోరు నీళ్ళు, ఒకటే ఉప్పు. పోయినేడు గీజరు ట్యాంకు తూట్లుపడి మార్పించినా. క్యాన్ నీళ్ళు ఇప్పిస్తా ఉండు."

నేను లోటా కింద పెట్టి ఆయన ముఖం వైపు చూశాను. "గీజరుకు ఎవరి ఎంగిలి తగిలింది సారూ?"

ఆయన కూర్చుండిపోయాడు. ఈ మాట ఆ యమ్మతో ఫోన్లో ఆయనే చెప్పాలని అడిగాను. "నీ నంబరు పెట్టి పో. ఆలోచించి చెప్తా," అన్నాడు. ఇచ్చి బయటికొచ్చాను. నేను గెలిచినట్టేనని మీకనిపించవచ్చు. నాకు అట్లా అనిపించలేదు. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఆయన గోడ పట్టుకుని లోపలికి పోవడం చూశాను. ఇద్దరం ముసలివాళ్ళమైపోయాం.

మధ్యాహ్నం హోటల్లో సంగటిలోకి చెనిగ్గింజల ఊరిబిండి నంజుకుని తిని స్టేషనుకు నడిచాను. ధర్మవరం ప్యాసింజరు ముప్పావుగంట ఆలస్యం. ఈ బండ్ల వేళలు ఊరికే మారుతుంటాయి, కనుక్కుని బయల్దేరండి. మూడు దాటాక ధర్మవరంలో దిగాను. ఒకప్పుడు ఈ వీధుల్లో నడిస్తే ఇంటింటా చేతిమగ్గం చప్పుడు. ఇప్పుడు మరమగ్గాల మోత, మధ్యలో చీరల అంగళ్ళ పేర్లు.

ఓబుళమ్మ గడపలో కూర్చుని తెగిన పోగులు అతుకుతోంది. కళ్ళద్దాలు మందంగా ఉన్నాయి. నేను పేరు చెప్పగానే, "మాగబెట్టే అన్నా?" అంది. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో.

పక్కింటామె కూడా అరుగు మీద కూర్చుని పోగులే అతుకుతోంది. కొన నాలికకు తాకించడం, వేళ్ళతో మెలిపెట్టడం, కంటికి ఆనదు అంత వేగం. ఓబుళమ్మ పక్కన మాత్రం చిన్న గిన్నెలో నీళ్ళున్నాయి. పోగు కొన అందులో ముంచి అతుకుతోంది.

"అందరూ నాలికకు పెడతాండారు, నువ్వు గిన్నె పెట్టుకున్నావేమమ్మా?"

"ఆపొద్దు నుంచి పెట్టలేదన్నా. పెడితే నవ్వుతారని." ఇంకో పోగు గిన్నెలో ముంచి, "నవ్వేటోళ్ళు నవ్వనే నవ్విరి," అంది.

వీధి వీధంతా నాలికకు పోగు తాకించే చోట, ఎంగిలి పేరు ఈమె ఒక్కదానికి! నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ అమ్మవారు చౌడేశ్వరమ్మకు ఏటా ఆ వీధిలో ఒక ఇంటివాళ్ళు వంతుగా మడితో చీర నేసి పెడతారని ఆమె అప్పట్లో షెడ్డులో మురిసిపోతూ చెప్పేది. ఆ వంతు వచ్చిందా అని అడిగాను.

"మా ఇంటికాడికొచ్చేసరికి దాటుకోని పక్కింటికి పోతాండె. మా ఆయన రెండుసార్లు కొట్లాడె. తర్వాత ఊరకుండె."

"ఇప్పుడు నేను వచ్చి పెద్దమనుషులకు చెప్తా. ఈ ఏడన్నా వంతు ఇప్పిస్తా."

పక్కింటామె నవ్వింది. "వంతు యాడుండాది పెద్దాయనా? చేతిమగ్గాలే లేకపాయె. అమ్మవారి చీర అంగట్లో కొనక్కొస్తాండారు."

పొడుం డబ్బా తెరిచి రేకు ఆమె చేతిలో పెట్టాను. మొదటినుంచి కొసదాకా వేలితో తడుముతూ పోయింది, పట్టు నాణ్యం చూసినట్టు. నేను బోరు నీళ్ళ సంగతి చెప్పాను. ఆమె తలెత్తింది.

"నిజంగా నా ఎంగిలి కాదా?"

"కాదమ్మా."

"నా నాలికే చేసిందేమో అని నేనే అనుకుంటాంటి. ఏ పొద్దన్నా మరుపున పెట్టినానేమో, నాకే తెలియకుండా అని." రేకును మళ్ళీ చుట్టి నా చేతికిచ్చింది. "నువ్వెప్పుడూ నా తట్టే మాట్లాడతావన్నా. ఆ సారు నోటితో ఒక్క మాట అనిపించు. ఊరికి వద్దు, అమ్మవారికి వద్దు. నా చెవిలో పడితే సాలు."

బొరుగులు కలిపి పెట్టింది, టీ ఇచ్చింది. వచ్చేటప్పుడు ఆమె మనవడి ఫోన్ నంబరు నా ఫోనులో ఎక్కించుకున్నాను.

సాయంత్రం ఆరు దాటాక హిందూపురం వైపు బండి దొరికింది. కిటికీ పక్క సీటు. ఎదురు సీటులో లేపాక్షి పోయే యాత్రికులు, బసవన్న ఎంత పెద్దదో ముందే వాదించుకుంటున్నారు. ఈ ప్రయాణం చేయదలచినవాళ్ళకు చివరగా ఒక మాట. మూడు ఊళ్ళూ ఒక్క రోజులో చూసి రావచ్చు, కష్టం లేదు. హిందూపురంలో మొదలైన ఒక మాట వెనక్కి తిరిగి రావడానికి మాత్రం ఒక జీవితం సరిపోలేదు. మాగబెడితే గాట్లు మానుతాయని జీతం తీసుకుని పనిచేసినవాణ్ణి నేను. రేకు మీది గాట్ల సంగతి వేరు.

పెనుకొండ స్టేషను దాటుతుండగా ఫోన్ మోగింది. ఆయనే. బండి మోతలో సరిగా వినపడక చెవికి గట్టిగా ఆనించుకున్నాను. ఆయన ఏడుస్తున్నాడో, దగ్గుతున్నాడో తెలియలేదు.

"నాగప్పా, బోరు నీళ్ళు పట్టించింది నేనే. ఆ పొద్దే తెలుసు నాకు. ఆ యమ్మ తప్పు ఏమీ లేదు. నేనే ఫోన్ చేసి చెప్తాలే, నంబరు ఇయ్యి. ఆ... ఏమని పిలవాలప్పా? ఏమి పేరు ఆ యమ్మది?"